పిప్పరమెంటు సీసాలో కొర్రమట్ట

మా మనవరాలికి ఈ మధ్య చేపల పిచ్చి పట్టింది. ఎవరింట్లోనో గాజు గిన్నెలో చేపను చూసి వచ్చి, మనమూ పెంచుకుందామని నా కొంగు పట్టుకుని తిరుగుతోంది. పెద్ద పెట్టె వద్దట, మోటారు వద్దట, చదువుకునే బల్ల మీద పట్టే గుండ్రటి గిన్నె ఒకటి చాలట. సరేలెమ్మని పోయిన ఆదివారం కర్నూల్లో చేపలమ్మే అంగడికి తీసుకుపోయాను. అది అక్కడున్న ప్రతి గాజు పెట్టెకూ ముక్కు ఆనించి, చివరికి బంగారు రంగు చేప దగ్గర నిలబడిపోయింది.

"అది వద్దులేమ్మా" అన్నాడు అంగడాయన. "సూసేదానికి బాగుంటాది గానీ నీళ్లు శానా మురికి చేస్తాది. ఫిల్టరు లేని గిన్నెలో నిలబడదు. ఆ చారల చాపలకు గుంపు కావాల, చోటు కావాల. కొన్నిటికి నీళ్లు వెచ్చబెట్టే హీటరు కూడా ఉండాల."

"కర్నూల్లో నీళ్లకు హీటరేందప్పా? ఎండాకాలం కొళాయి తిప్పితే ఆ నీళ్లతోనే టీ పెట్టుకోవచ్చు" అన్నాను.

ఆయన నవ్వి, మూలనున్న చిన్న గిన్నె తెచ్చి చూపించాడు. అందులో నీలం రంగు చేప ఒకటి, పెళ్లికూతురి పావడా అంత తోకతో. "అందుకే ఫైటరు తీసుకోమంటాండా. ఒకటే పెట్టుకోండి, రెండయితే కొట్టుకుంటాయి. గిన్నె మటుకు కొంచెం పెద్దది తీసుకోండి. ఇది పైకొచ్చి గాలి తాగుతాది, మోటారు లేకున్నా బతుకుతాది."

గాలి తాగే చేప. ఆ మాట విని ఎన్నేళ్లయిందో. మనవరాలు బేరం చేస్తుంటే నేను అక్కడే స్టూలు మీద కూర్చుని బేతంచెర్లకు వెళ్లిపోయాను.

మా ఊరు అప్పుడు తెల్లగా ఉండేది. బండలు కోసే మిషన్లూ, నునుపు చేసే మిషన్లూ పొద్దస్తమానం తిరుగుతుంటే, రాతిపిండి కలిసిన నీళ్లు కాలువల వెంట పారేవి. ఎవరి కాళ్లు చూసినా మోకాళ్ల దాకా తెల్లగా ఉండేవి. లారీ పోతే చెట్లు కూడా తెల్లబడేవి. మా నాయన కిరాణా అంగడి ఆ దారిలోనే ఉండేది. ముందుభాగం అంగడి, వెనక ఇల్లు. గడప దాటితే చాలు బెల్లం, చింతపండు, కిరసనాయిలు, గోనెసంచులు అన్నీ కలిసిన వాసన ముక్కుకు తగిలేది. ఇప్పటికీ ఎక్కడైనా పాత గోనెసంచి వాసన వస్తే నాకు ఆకలేస్తుంది.

మేము శెట్లం. మా ఇంట్లో కోడిగుడ్డు అనే మాట కూడా గట్టిగా అనేవాళ్లు కాదు. అయితే మా నాయనకు చేపల పులుసు చెయ్యడం నోటికి వచ్చు. "చాపలు ఎన్ని తెచ్చినావప్పా? అయితే ధనియాలు ఇంత, మెంతులు చిటికెడు చాలు, చింతపండు పాతది తీసుకుపో, పులుపు నిలబడతాది" అని చెప్పి పొట్లాలు కట్టేవాడు. పుట్టినప్పటినుంచి ఒక్క ముక్క నోట్లో పెట్టుకోని మనిషి. ఆయన చెప్పిన కొలతతో చేసిన పులుసు అద్భుతమని బండల గనుల్లో పనిచేసే వాళ్లంతా అనేవాళ్లు.

అట్లా పొట్లాల కోసం వచ్చేవాళ్లలో ఒక సాయిబు మామ ఉండేవాడు. పాలిషు మిషన్ దగ్గర పని. గడ్డం సహజంగా తెల్లదో, రాతిపిండితో తెల్లబడిందో చివరిదాకా నాకు తెలియలేదు. ఎండలు ముదిరి పాత గనుల గుంతల్లో నీళ్లు అడుగంటినప్పుడు ఆయన అక్కడికి పోయి చేపలు పట్టుకొచ్చేవాడు. ఒకరోజు ఆయన బకెట్టు మా అంగడి మెట్టు మీద పెట్టి మసాలా దినుసులు అడుగుతుంటే, నేను తొంగి చూశాను. నాకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. ప్రాణంతో ఉన్న చేపను అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

"నాకొకటి ఇయ్యి మామా" అన్నాను.

మా నాయన చేతిలో త్రాసు ఆగిపోయింది. సాయిబు మామ నన్ను ఎగాదిగా చూసి, "తినేదానికా, సూసుకునేదానికా?" అని అడిగాడు.

"చూసుకునేదానికి."

"అట్లయితే ఈ నల్లది తీసుకో పాపా. కొర్రమట్ట పిల్ల. గాలి తాగే చాప ఇది. సీసాలో ఏసినా బతుకుతాది. ఆ తెల్లవి పరిగెలు. వాటికి పారే నీళ్లుండాల, ఇరుకులో ఉండలేవు."

నల్లది నా వేలంత ఉంది. ఒళ్లంతా మచ్చలు, పాముతల, పెద్దనోరు. పరిగెలేమో కొత్త వెండి గిన్నెల్లాగా మెరిసిపోతున్నాయి. మీరైతే ఏది తీసుకుంటారు? నేను రెండు పరిగెలు తీసుకున్నాను. సాయిబు మామ వాటిని దోసిట్లో పట్టి ఇచ్చాడు.

గిన్నె కోసం ఇల్లంతా వెతికే పని లేకపోయింది. అంగట్లో పిప్పరమెంటు బిళ్లలు పోసే పెద్ద గాజు సీసాలు వరసగా ఉండేవి. ఒకదాంట్లో అడుగున కొన్ని బిళ్లలే మిగిలాయి. వాటిని నోట్లో కొన్ని, జేబులో కొన్ని సర్దేసి సీసా ఖాళీ చేశాను. నాయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. చేపల్ని ఇంట్లోకి తేవడానికి మాత్రం మా అవ్వ ఒప్పుకోలేదు. అవ్వ అంటే నాయన వాళ్లమ్మ. ఆ ఇంట్లో అందరికన్నా పొట్టిమనిషి, అందరికన్నా పెద్దగొంతు. "నీచు వస్తువు గడప దాటిందంటే నేను గడప అవతలికి పోతా" అంది. అందుకని సీసాను అంగట్లోనే, మిగతా సీసాల పక్కన పెట్టాను.

మరునాటి పొద్దున పోయి చూస్తే రెండూ వెల్లకిలా తేలుతున్నాయి. సీసా మూత బిగించి ఉంది.

బిగించింది మా నాయనే. అంగడి మూసే ముందు ఆయన చెయ్యి ఆ చివరనుంచి ఈ చివరదాకా వరసగా సీసాల మూతలు తిప్పుకుంటూ పోయేది. చీమలు పడతాయని, చెమ్మ తగులుతుందని. కళ్లు మూసుకుని కూడా ఆ పని చేసేవాడు. చేపల సీసాకూ అట్లాగే బిగించేశాడు. అంగడి పెట్టుకుని బతికే వాళ్ల ఇంట్లో మూత తీసిన సీసా అనేదే ఉండదు కదా.

"చెయ్యి అలవాటు కొద్దీ పోయింది పాపా" అన్నాడు. అంత పెద్ద మనిషి నా ముందు తలవంచుకోవడం చూసి నాకు ఏడుపు రెట్టింపయింది. ఇప్పుడు తలచుకుంటే ఆయన మీదే జాలి వేస్తుంది. సీసాను అవ్వ బూడిదతో ఒకసారి, చింతపండుతో ఒకసారి తోమించింది. నాకు తలస్నానం చేయించింది. అంత చేసినా ఇక ఆ సీసాలో బిళ్లలు పోయడానికి ఎవరికీ మనసొప్పలేదు. అట్లా ఆ సీసా నాదయింది.

మళ్లీ వారం సాయిబు మామ వచ్చినప్పుడు నాయనే పిలిచి, "ఆ నల్లది ఉంటే పాపకియ్యప్పా" అన్నాడు. అంతటితో ఆగక, నేను పుట్టిన తర్వాత మొదటిసారి వాళ్లమ్మకు ఎదురు చెప్పాడు. "అంగట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదు. వెనక పంచలో పెట్టుకోనీమ్మా."

 అవ్వ నన్ను దగ్గరికి పిలిచి చెప్పింది. "వంటింటి గుమ్మానికి కనపడకుండా పెట్టుకో. ఒకటి సెప్తాండా ఇను. ఇది కూడా సచ్చిందంటే, ఇంగ ఈ ఇంట్లో చాప పేరెత్తకూడదు."

నేను తల ఊపాను. పరిగెల పాపం ఎట్లాగూ తగిలింది, దీన్నయినా ఎట్లాగైనా బతికించాలి. ఆ ఎండాకాలం నాకు వేరే ధ్యాస లేదు.

ఈసారి మూత జోలికే పోలేదు. సీసాను పంచలో గూట్లో పెట్టి, తెరిచిన నోటితో వదిలేశాను. మర్నాడు మధ్యాహ్నం అందరం ఉగ్గాని తింటున్నాం. బొరుగుల్లో నిమ్మకాయ పిండిన వాసన, పక్కన మిరపకాయ బజ్జీలు. అవ్వ చేతులు కడుక్కోవడానికి పంచలోకి పోయి, అక్కడినుంచే "ఏమ్మే, ఇట్లరా" అని పిలిచింది. పోయి చూస్తే చేప నేలమీద, బండల పైన ఉంది. సీసాలోంచి ఎగిరి దూకింది. కొర్రమట్టకు ఎగిరే బుద్ధి ఉందని మాకెవరు చెప్పాలి? ఎంతసేపయిందో ఏమో, దుమ్ము అంటుకుని, నోరు తెరిచి మూస్తోంది. నేను భయంతో కదలలేకపోయాను. అవ్వ అటూ ఇటూ చూసి, గోడకు ఆనించిన చేట అందుకుని, బియ్యంలో రాళ్లు పక్కకు తీసినంత నేర్పుగా చేపను చేటలోకి ఎక్కించి సీసాలోకి జార్చింది. చెయ్యి తగలనీయలేదు. ఆ తర్వాత తాతగారి పాత పంచె చింపి, ఆ పలచటి గుడ్డను సీసా మూతికి వాసెన కట్టినట్టు దారంతో కట్టింది.

"గాలాడతాది, ఎగరదు" అంది. ఆ చేటను మళ్లీ బియ్యానికి వాడలేదు.

దూకుడు ఆగింది. ఇక తిండి మొదలయింది. అంటే తినకపోవడం మొదలయింది. బొరుగులు వేశాను. తెల్లగా ఉబ్బి తేలాయి. పుట్నాల పప్పు వేశాను. మునిగింది. అన్నం మెతుకు, బెల్లం పొడి, చివరికి ఓళిగ ముక్క కూడా వేశాను. మేము తినేవన్నీ దానికీ ఇష్టముంటాయనే అనుకున్నాను. నీళ్లు మబ్బుపట్టినట్టయ్యాయి. చేప మాత్రం అడుగున పడుకుని, మధ్యమధ్యలో పైకొచ్చి ఒక గుటక గాలి తాగి మళ్లీ అడుక్కి పోయేది. గాలి తాగి బతుకుతుందన్నారు కాబట్టి దానికి గాలే ఆహారమేమో అని కూడా అవ్వ అంది. మాకు తెలిసిన చేపల శాస్త్రం అంతే.

నాలుగో రోజు సాయిబు మామను అడిగితే ఆయన నవ్వాడు. "శెట్ల చాపయినా చాపేగదా పాపా. అది పురుగు తింటాది. వానపాములు, నీళ్లలో దోమపురుగులు. బొరుగులు ముట్టదు."

ఆ మాట అవ్వకు చెప్పాను. కాలువగట్టుకు పోయి వానపాములు తవ్వుకొస్తానన్నాను. అవ్వ ముఖం ఎర్రబడింది.

"ఒక ప్రాణాన్ని సంపి ఇంకో ప్రాణానికి పెట్టేది మన ఇంట్లో లేదు. నా తలమీద చెయ్యిపెట్టి ఒట్టెయ్యి, పురుగును ముట్టనని."

ఒట్టేశాను. ఒట్టేస్తూనే ఏడ్చాను.

ఆరో రోజుకు చేప తల పెద్దదిగా, ఒళ్లు సన్నగా కనిపించింది. నాయన సీసా దగ్గర కాసేపు నిలబడి, "మనవల్ల కాదు పాపా. ఆ మామకే తిరిగి ఇచ్చేద్దాం" అన్నాడు.

"ఇస్తే ఏం జేస్తాడు?" అని అడిగింది అవ్వ, పొయ్యి దగ్గరనుంచే.

 ధనియాలు ఇంత, మెంతులు చిటికెడు అని నోటికి వచ్చిన మనిషి ఏం చెబుతాడు? ఇక్కడుంటే ఆకలి, అక్కడికి పోతే పులుసు. అవ్వ ఆ పూట సరిగా తినలేదు. మా ఇంట్లో ఆమెకొక పట్టుదల ఉండేది. ఇంట్లో ఉన్న ఏ నోరూ పస్తు పడుకోకూడదు. లారీ చెడిపోయి ఆగిన డ్రైవర్లకు కూడా పిలిచి అన్నం పెట్టిన మనిషి. అట్లాంటిది, ఇప్పుడు పంచలో ఒక నోరు ఆరు రోజులుగా పస్తుంటోంది.

సాయంత్రం నేను సీసా ముందు కూర్చుని ఉంటే అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"జరుగు. నీళ్లు మారుస్తాండా."

మా పెరట్లో నాలుగు బండలు నిలబెట్టి సిమెంటు పూసిన తొట్టి ఉండేది. కొళాయి మూడు రోజులకొకసారి వచ్చేది కాబట్టి వాడుకనీళ్లు అందులో నింపుకునేవాళ్లం. ఆ నీళ్లే తెచ్చింది. గుడ్డ విప్పి, మొహం గోడవైపు తిప్పుకుని, చెంబు వంచింది. నీళ్లతో పాటు సన్నటి పురుగులు వంకర్లు తిరుగుతూ సీసాలో పడ్డాయి. దోమపురుగులు. అడుగున పడుకున్న చేప ఒక్కసారి పైకి లేచింది. తర్వాత ఏం జరిగిందో చూడటానికి నాకు రెండు కళ్లు చాలలేదు.

"అవ్వా, నీళ్లలో పురుగులు..."

"నాకు కంటిచూపు సరిగ్గా లేదు పాపా. నాకేం కనపళ్లేదు" అంది అవ్వ, గుడ్డ కట్టేస్తూ.

కందిపప్పులో ఆవగింజంత రాయిని గుమ్మంలోంచే కనిపెట్టే మనిషి.

ఆ రోజునుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు మార్చడం ఆమె పనయింది. నన్ను చెంబు ముట్టనిచ్చేది కాదు, ఒట్టు నాది కదా. శుక్రవారం వచ్చింది. శుక్రవారమంటే మా ఇంట్లో తొట్టి తోమే రోజు. చీర ఎగదోపుకుని, కొబ్బరిపీచు పట్టుకుని అవ్వ తొట్టిలోకి దిగితే ఆ బండ తెల్లగా మెరిసేది. ఆ శుక్రవారం ఆమె గడపలు కడిగింది, బిందెలు తోమింది, దేవుడి సామానంతా తోమింది. తొట్టి దగ్గరికి పోలేదు.

"తొట్టి కడగలేదే అవ్వా?"

"మోకాళ్ల నొప్పులు పాపా."

మోకాళ్ల నొప్పులు ఆమెకు ఆ తర్వాత ప్రతి శుక్రవారం వచ్చేవి. శనివారానికి తగ్గిపోయేవి. ఇంట్లో దోమలు పెరిగాయి. నాయన అంగట్లో ఒక చేత్తో తూకం వేస్తూ ఇంకో చేత్తో కాళ్లు గోక్కునేవాడు. అమ్మ విసుక్కుంటే, "ఊరంతా ఉండాయి, మన ఇంట్లోనేనా" అని అవ్వ కసిరేది. ఒకరోజు దోమల మందు కొట్టే ఆయన టార్చిలైటు పట్టుకుని ఇంటింటికీ తొట్లు చూసుకుంటూ వచ్చాడు. అవ్వ తొట్టిమీద పలక అడ్డంగా వేసి దానిమీద కూర్చుని బీన్సు ఒలుస్తోంది.

"తొట్టి ఎప్పుడు కడిగినారమ్మా?"

"ప్రతి శుక్రవారం కడుగుతాం నాయనా" అంది. బయటి మనిషితో ఆమె చెప్పగా నేను విన్న అబద్ధం అదొక్కటే. ఆయన ఆమె ముఖం చూసి లేవమని అడిగే ధైర్యం చెయ్యలేక గోడమీద సుద్దతో ఏదో గీసి వెళ్లిపోయాడు. నేను తలుపు చాటున నవ్వు ఆపుకోలేక నోట్లో కొంగు కాదు, గౌను అంచు కుక్కుకున్నాను.

కొర్రమట్ట పెరిగింది. వేలంతది అరచేతి పొడవయింది. అవ్వ చెంబు పట్టుకుని వస్తుంటే ఆమె అడుగుల చప్పుడుకే పైకొచ్చి నిలబడేది. నేను వచ్చినా పట్టించుకునేది కాదు. నాకది కొంచెం కష్టంగా ఉండేది. నా చేప కాస్తా అవ్వ చేపయింది. "ఏం నాయనా, ఆకలైతాందా?" అని ఆమె దాంతో మాట్లాడటం నేను చాటునుంచి చాలాసార్లు విన్నాను. వంటింటి గుమ్మానికి కనపడకూడదన్న సీసా మెల్లగా జరిగి జరిగి వంటింటి గుమ్మం పక్కకే వచ్చి చేరింది.

వానలు పడ్డాయి. అప్పటికి చేప సీసాలో తిరగాలంటే ఒళ్లు వంచుకోవలసి వచ్చేది. సాయిబు మామ ఒకసారి చూసి, "ఇంగ దీనికి సీసా చాలదమ్మా. గని గుంతలో నీళ్లొచ్చినాయి, వదిలేయండి" అన్నాడు. అంటూ గడ్డం నిమురుకుని, "నేను చాపలు పట్టే గుంతలో కాదులే, అవతలి గుంతలో వదలండి. ఈ చాపను నేను పట్టుకుంటే నాకు పులుసు దిగదు" అన్నాడు.

పోవలసిన రోజు నాయన సీసా పట్టుకున్నాడు. నేను పక్కన. అవ్వ ఎన్నడూ గనుల దిక్కు పోయిన మనిషి కాదు, ఆ పొద్దు మాత్రం తానూ వస్తానంది. బయలుదేరే ముందు పెరట్లోకి పోయి, ఒక చిన్న బిందెతో తిరిగివచ్చింది. మూతికి గుడ్డ కట్టి ఉంది.

"గుంత నిండా నీళ్లుంటే మళ్లీ నీళ్లు ఎందుకమ్మా?" అన్నాడు నాయన. ఆమె బిందె చంకనెత్తుకుని ముందు నడిచింది.

గుంత అంచున బండలు మెట్లుగా ఉన్నాయి. నాయన కిందికి దిగి సీసా వంచాడు. చేప నీళ్లలోకి జారి, కాసేపు అక్కడే అంచున నిలబడింది. అప్పుడు అవ్వ ఆ మెట్లమీద కూర్చుంటూ, కూర్చుంటూ దిగి, బిందె గుడ్డ విప్పింది. నేను వంగి చూశాను. తొట్టినీళ్లు. తెడ్డుతో తిప్పినట్టు బిలబిలలాడుతున్నాయి పురుగులు. వడగట్టి, వారం రోజులవన్నీ ఒక్కచోట పోగుచేసినట్టుంది. ఈసారి ఆమె మొహం తిప్పుకోలేదు. చేప ఉన్నచోటు చూసి, కొంచెం కొంచెంగా, ఒలికిపోకుండా పోసింది.

"కొత్త చోటు. తొలిపూట ఏం దొరుకుతాదో ఏమో" అంది. "మన ఇంట్లోంచి పోయేటోళ్లను ఉత్త కడుపుతో ఎట్ల పంపేది?"

నాయన వినిపించుకోనట్టు అటు తిరిగి నిలబడ్డాడు. చేప అన్నీ తినేదాకా మేం అక్కడే కూర్చున్నాం. తిన్న తర్వాత అది ఒకసారి పైకొచ్చి, గాలి తాగి, మళ్లీ కనిపించలేదు. ఇంటికి వచ్చీ రాగానే అవ్వ చీర ఎగదోపుకుని తొట్టిలోకి దిగింది. శుక్రవారం కూడా కాదు. చీకటి పడేదాకా తోమింది. ఆ తోమడంలో ఎంత కోపముందో, ఎంత దిగులుందో అప్పుడు నాకు తెలియలేదు. నీళ్లందివ్వమంటే అందిస్తూ నిలబడ్డాను.

అవ్వ పోయి చాలా కాలమయింది. ఆమె నియమం తప్పిందని ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆమె వయసు నాకొచ్చింది. పూజలు చేసేవాళ్లను, ఉపవాసాలుండేవాళ్లను, దానాలు చేసేవాళ్లను చాలామందిని చూశాను. అందరూ మంచివాళ్లే. కానీ ఆకలిగా ఉన్న ఒక నోటికోసం తన పుణ్యాన్ని చెంబుతో ముంచి పోసిన మనిషిని మాత్రం ఆమెనొక్కదాన్నే చూశాను.